లోపల ఏమున్నదో అమ్మకు చెప్పాలంటే

మా అమ్మకు రెండు కళ్లలోనూ నీటికాసులు (గ్లకోమా). పక్క చూపు పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం చిన్న కన్నంలోంచి చూసినట్టు కనిపిస్తుంది, అది కూడా వెలుతురు ఉంటేనే. ఐదేళ్ల కిందట ఒక పెద్ద గుడికి తీసుకెళ్లాను. రెండు గంటలు క్యూలో నిలబడ్డాం. తీరా గర్భగుడి ఎదుటికి వచ్చేసరికి వెనక నుంచి తోపులాట, పక్క నుంచి "నడవండి, నడవండి" అని కేకలు. బయటపడ్డాక మెట్ల మీద కూర్చోబెడితే అమ్మ అడిగింది: "నాకేం కనబడలే బిడ్డా. లోపట సామి ఎట్లున్నడు?"

నా దగ్గర జవాబు లేదు. దండలు చూశాను, దీపం చూశాను. స్వామి నిలబడి ఉన్నాడా, కూర్చొని ఉన్నాడా అంటే చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా బతికినవాణ్ణి. ఒక తూము డ్రాయింగ్ ఒక్కసారి చూస్తే ఇంటికొచ్చి గీయగలిగేవాణ్ణి. చిన్నప్పటి నుంచి వెళ్తున్న గుడిలో మాత్రం చూడటమే నేర్చుకోలేదని ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత నేర్చుకున్నాను. చూపు తగ్గిన పెద్దవాళ్లను గుడికి తీసుకెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కళ్లు బాగున్నవాళ్లకూ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరికైనా దొరికేది పది సెకన్లే.

ముందు ఆ గది ఎలాంటిదో ఇంట్లోనే తెలుసుకొని బయలుదేరాలి. గర్భగుడి సాధారణంగా చతురస్రంగా ఉండే చిన్న గది. నాలుగు గోడలు, ఒకే ద్వారం, కిటికీలు ఉండవు. గాలి వెలుతురు లేకుండా కట్టారని మా మేనల్లుడు ఒకసారి విసుక్కున్నాడు. గర్భం అన్న మాటలోనే జవాబు ఉందని చెప్పాను. బిడ్డ పెరిగే చోటు చీకటిగానే ఉంటుంది. గుడి కట్టేటప్పుడు ఆ గది కింద పునాదిలో రత్నాలు, లోహాలు, ధాన్యాలు పెట్టిన పాత్రను ఉంచుతారు. దాన్ని గర్భన్యాసం అంటారు. లోపల కదలకుండా ఉండేది మూలవిరాట్టు. ఊరేగింపుకు బయటికి వచ్చేది ఉత్సవమూర్తి. చాలా గుళ్లలో మూలవిరాట్టు ముందు చిన్న పంచలోహ విగ్రహాలు కూడా ఉంటాయి. మొదటిసారి వెళ్లినవాళ్ల చూపు మెరిసే ఆ చిన్న విగ్రహాల మీదే ఆగిపోయి, వెనక ఉన్న పెద్ద మూర్తి దాకా వెళ్లదు. ఈ సంగతి ముందే తెలిస్తే కళ్లు నేరుగా వెనక్కి వెళ్తాయి.

గర్భగుడి ఎక్కడుందో బయట నుంచే పోల్చుకోవచ్చు. వీధి వైపు ఉన్న పెద్ద గోపురం దాని మీద ఉండేది కాదు, అది ప్రాకారం వాకిలి మీద ఉండేది. గర్భగుడి నెత్తిన ఉండేది విమానం. మన వైపు గుళ్లలో చాలాచోట్ల అది గోపురం కంటే చిన్నగా, లోపలికి ఉంటుంది. బయట నిలబడి ఆ విమానం శిఖరాన్ని చూసి, సరిగ్గా దాని కిందే స్వామి ఉన్నాడని అనుకోండి. అమ్మకు ఆ దిక్కుకు చెయ్యి పట్టి చూపిస్తాను. అక్కడి నుంచి ఎటు నడుస్తున్నామో ఆమెకు తెలుస్తుంది.

ఇక కొలతలు. నాకు ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్తాను. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో ఆలయాల మీద ఒక అధ్యాయం ఉంది. గుడి స్థలాన్ని 64 గళ్లుగా విభజించాలని అందులో ఉంది. గుడి బయటి వెడల్పులో సగం గర్భం, మిగతాదంతా గోడలు. గర్భం వెడల్పులో నాలుగో వంతు ద్వారం వెడల్పు, దానికి రెట్టింపు ద్వారం ఎత్తు. ద్వారం ఎత్తులోంచి ఎనిమిదో వంతు తీసేస్తే మిగిలేది పీఠంతో కలిపి విగ్రహం ఎత్తు. అందులో రెండు భాగాలు విగ్రహం, ఒక భాగం పీఠం.

పెన్సిల్ తీసుకొని ఒక లెక్క వేసి చూడండి. బయటి వెడల్పు 24 అడుగులు అనుకుందాం. లోపలి గది 12 అడుగులు. ద్వారం 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. పీఠంతో కలిపి విగ్రహం 5 అడుగుల 3 అంగుళాలు. అందులో పీఠం 1 అడుగు 9 అంగుళాలు, స్వామి 3 అడుగుల 6 అంగుళాలు. గ్రాఫ్ కాగితం మీద ఇది గీసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. 24 అడుగుల కట్టడంలో మనిషి పట్టేంత వాకిలి ఒక్కటే వదిలారు. విగ్రహం కొలత ఆ వాకిలి నుంచే పుట్టింది. గడప బయట నిలబడ్డవాడికి పాదం నుంచి కిరీటం దాకా ఆ ద్వారబంధంలోనే అందేటట్టుంది ఆ కొలత. అన్ని గుళ్లూ ఈ లెక్కనే ఉండవు. ఆగమాలు వేరు, ప్రాంతాల పద్ధతులు వేరు. కానీ ద్వారాన్ని స్కేలుగా వాడటం ఎక్కడైనా పనిచేస్తుంది. "అమ్మా, వాకిలి నీ తల కంటే జానెడు ఎత్తుంది, స్వామి కిరీటం దానికి బెత్తెడు కింద ఉంది" అంటే ఆమెకు వెంటనే అర్థమవుతుంది. అడుగులు, అంగుళాలు చెప్తే అర్థం కాదు.

ఎప్పుడు వెళ్లాలన్నది చాలా ముఖ్యం. అలంకారం అయ్యాక వెళ్తే కనిపించేది పూలు, పట్టుబట్టలు, వెండి కవచం. మూర్తి ఆకారం తెలియాలంటే ఒక్కసారైనా అభిషేకం వేళకు వెళ్లాలి. నీళ్లు, పాలు జారుతుంటే రాతి మీద ప్రతి వంపూ తెలుస్తుంది. శివాలయాల్లో తెల్లవారే అభిషేకం ఉంటుంది. వైష్ణవాలయాల్లో చాలాచోట్ల శుక్రవారం చేస్తారు. మీ గుడిలో ఎప్పుడో అయ్యగారిని ముందురోజే అడగండి. సింహాచలంలో అయితే వైశాఖ శుద్ధ తదియ నాడు, ఏడాదికి ఒక్కసారే నిజరూప దర్శనం. మన గల్లీ గుడిలో ఆ భాగ్యం వారం వారం దొరుకుతుంటే నిద్రపోయి పోగొట్టుకోవద్దు. పండుగలు, కార్తీక సోమవారాలు, శివరాత్రి వదిలేసి మామూలు రోజున వెళ్లండి. పుణ్యం తగ్గుతుందని అమ్మ మొదట ఒప్పుకోలేదు. రెండుసార్లు తీరిగ్గా చూశాక ఇప్పుడు తనే "జనం లేని దినం పోదాం" అంటుంది.

ఎండలోంచి నేరుగా గర్భగుడి ముందుకు పోకండి. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నీటికాసులు ఉన్నవాళ్లకు మసక వెలుతురు ఇంకా కష్టం. ముందు ప్రదక్షిణలు చేసి, మండపంలో స్తంభానికి ఆనుకొని కనీసం పావుగంట కూర్చోండి. ఫోన్ తెర చూడకండి. ఒక్కసారి చూస్తే కూర్చున్న సమయమంతా వృథా. మన గుళ్లు కట్టిన తీరే దీనికి సరిపోతుంది. ఆరుబయట ధ్వజస్తంభం, తర్వాత స్తంభాల మండపం, ఆపైన ఇరుకైన అంతరాళం, చివర గర్భగుడి. అడుగు అడుగుకూ వెలుతురు తగ్గుతూ, కప్పు కిందికి దిగుతూ, గోడలు దగ్గరవుతూ వస్తాయి. పరిగెత్తకుండా నడిస్తే కళ్లు దారిలోనే సిద్ధమవుతాయి.

ఈ నిడుపాటి దారి గురించి నాకు ఆలస్యంగా తట్టిన సంగతి ఒకటుంది. అమ్మకు మిగిలినది సన్నని చూపు. గుడి కూడా అదే చూపు అడుగుతుంది. ధ్వజస్తంభం దగ్గర సరిగ్గా మధ్యగీత మీద నిలబెట్టి తల కదపకుండా చూడమంటే, దీపం వెలిగే వాకిలి ఆమెకు మిగిలిన ఆ చిన్న కన్నంలో ఇమిడిపోతుంది. శివాలయంలో నంది వీపు మీద చెయ్యి వేసి, కొమ్ముల నడుమ నుంచి లింగాన్ని చూడటం మనవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నదే. మొదట నంది తోక, మూపురం, చెవులు చేత్తో తడిమిస్తాను. తర్వాత కొమ్ముల మీద ఆమె బొటనవేలు, చూపుడువేలు ఆనించి ఆ సందులోంచి చూడమంటాను. చూపు ఎక్కడ పెట్టాలో వెతుక్కునే బాధ ఉండదు.

నడిపించేటప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకొని లాగకండి. మీ మోచెయ్యి వాళ్లను పట్టుకోనివ్వండి, మీరు అర అడుగు ముందుండండి. గడపలు ఎత్తుగా ఉంటాయి, నేల తడిగా ఉంటుంది. "గడప వస్తుంది, మోకాలెత్తు" అని ముందే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, హారతికి ముందే అయ్యగారితో ఒక మాట చెప్పండి: "అయ్యగారూ, మా అమ్మకు చూపు తక్కువ. హారతి స్వామి ముఖం దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఉంచండి." ఇన్నేళ్లలో కాదన్నవాళ్లు నాకు తారసపడలేదు. కొందరు హారతి పళ్లెం పీఠం నుంచి మెల్లగా పైకి ఎత్తుతూ "ఇవి పాదాలమ్మా, ఇది కటిహస్తం, ఇది వక్షఃస్థలం" అని చెప్పి మరీ చూపించారు. టార్చి, ఫోన్ లైటు లోపలికి కొట్టే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. అక్కడి వెలుతురు నూనె దీపానిదీ కర్పూరానిదీ.

హారతి వెలిగిన క్షణంలో చాలామంది కళ్లు మూసుకుంటారు. నేనూ అదే అలవాటులో ఉండేవాణ్ణి. మొక్కు తర్వాత చెప్పుకోండి, ఆ క్షణంలో కళ్లు తెరిచి ఉంచండి. చూపుకు ఒక వరస పెట్టుకోండి. నాది ఇది: గడప, ద్వారబంధం, పీఠం, పాదాలు, చేతులు, చివరికి ముఖం. ద్వారబంధం పైకమ్మీ మధ్యలో చిన్న బొమ్మ ఉంటుంది, లలాటబింబం అంటారు. తరచుగా ఏనుగులు నీళ్లు పోస్తున్న గజలక్ష్మి కనిపిస్తుంది. రెండు పక్కలా ద్వారపాలకులు ఉంటారు, విష్ణ్వాలయమైతే జయవిజయులు. వీటిని క్యూలో ఉండగానే చూసేయవచ్చు, లోపలి పది సెకన్లు వీటికి ఖర్చు పెట్టకండి. శివాలయమైతే లింగం చుట్టూ ఉన్న పానవట్టం ఏ ఆకారంలో ఉందో, దాని ముక్కు ఎటు తిరిగి ఉందో చూడండి. మనకు కనిపించే గుండ్రటి భాగం రుద్రభాగం. పానవట్టంలో మునిగిన ఎనిమిది పలకలది విష్ణుభాగం, అడుగున నాలుగు పలకలది బ్రహ్మభాగం. కనిపించని రెండు భాగాల గురించి కూడా అమ్మకు చెప్తాను. ఆ రెండూ నాకూ ఆమెకూ సమానంగా కనిపించవు కదా.

కుడి ఎడమల దగ్గర జాగ్రత్త. ఒకసారి "కుడివైపు శంఖం, ఎడమవైపు చక్రం ఉన్నాయమ్మా" అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "సక్రం కుడిచేతిల గదా ఉండాలె. నీ కుడి చెప్తున్నవా, సామి కుడి చెప్తున్నవా?" అంది. మన ఎదురుగా ఉన్న మూర్తి కుడిచెయ్యి మనకు ఎడమ పక్కన ఉంటుంది. అప్పటి నుంచి ఎప్పుడూ స్వామి కుడి, స్వామి ఎడమ అనే చెప్తాను. ఇంకా మంచి పద్ధతి, అమ్మ చేతులనే ఆ భంగిమలో పెట్టించడం. కుడి అరచెయ్యి కిందికి వాల్చి, ఎడమచెయ్యి నడుం మీద ఆనించి "ఇట్లా ఉన్నాడు" అంటే వెంకటేశ్వరస్వామి నిలబడిన తీరు ఆమె ఒంటికే తెలిసిపోతుంది.

ప్రదక్షిణలో ఒక్క గుర్తు మర్చిపోకండి. అభిషేకజలం బయటికి వచ్చే తూము, సోమసూత్రం. తూర్పుకో పడమరకో ముఖం ఉన్న గుళ్లలో అది ఉత్తరం గోడకు ఉంటుంది. డ్రాయింగ్ మీద ఉత్తరం గుర్తు లేకపోతే మా ఆఫీసులో కాగితం వెనక్కి పంపేవారు. గుడి ఆ గుర్తును రాతిలోనే చెక్కుకుంది. శివాలయంలో ఆ తూమును దాటరు. అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగి, అవతలి వైపు నుంచి మళ్లీ తూము దాకా వచ్చి మళ్లుతారు, అదే చండీప్రదక్షిణ. చూపు లేనివాళ్లకు నీటి చప్పుడు, తడి రాయి చల్లదనం ఆ చోటును చెప్తాయి. అక్కడ ఒక నిమిషం ఆగనివ్వండి. లోపల స్వామిని తాకి వచ్చిన నీళ్లవి.

దర్శనం అయ్యాక కాసేపు కూర్చోకుండా రాకూడదని పెద్దలు చెప్పేది మీకు ఇక్కడ అక్కరకొస్తుంది. చూసింది చెప్పడానికి అదే సమయం, మర్చిపోకముందే. కింది నుంచి పైకి, అదే వరసలో చెప్పండి. రంగులు చివర్లో. తెలియనిది తెలియదనండి, కల్పించకండి. అమ్మ అడిగే ప్రశ్నలు నన్ను ఎన్నోసార్లు మళ్లీ క్యూలోకి పంపాయి.

హైదరాబాద్‌లో ఎక్కడ మొదలుపెట్టాలంటే, మేము మల్కాజిగిరి నుంచి కీసరగుట్టకు వెళ్తాం. రాముడు లింగం తెమ్మని పంపితే హనుమంతుడు ఆలస్యంగా తెచ్చాడని, అప్పటికే ప్రతిష్ఠ అయిపోవడంతో కోపంతో విసిరేసిన లింగాలే గుట్టంతా పడ్డాయని చెప్పుకుంటారు. ఆ లింగాలు ఆరుబయట ఉన్నాయి. గర్భగుడిలో తాకలేనిదాన్ని అమ్మ అక్కడ రెండు చేతులతో తాకింది. అది అయ్యాకే లోపలికి వెళ్లాం. ముందు చేతులకు తెలిసిన రూపం కాబట్టి, మసక వెలుతురులో కూడా పోల్చుకోగలిగింది.

బంజారాహిల్స్‌లో 2009లో తెరిచిన జగన్నాథాలయం చూపు తగ్గినవాళ్లకు నేను గట్టిగా చెప్పే చోటు. పూరీ పద్ధతిలో కట్టారు, లోపలివి కొయ్య మూర్తులు. జగన్నాథుడి నల్లటి ముఖం మీద పెద్ద గుండ్రటి కళ్లు. "నల్లటి మొఖం మీద తెల్లటి కండ్లు కనబడుతున్నయ్ రా" అని అమ్మ గట్టిగా అంది. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. మూడేళ్ల తర్వాత గుడిలో ఆమె తన కళ్లతో చూసిన మొదటి స్వామి ముఖం అది.

యాదగిరిగుట్టకు పైన చెప్పిన కొలతలేవీ వర్తించవు. అక్కడ కొండ గుహే గర్భాలయం. చుట్టూ గుడిని నల్లరాతితో కొత్తగా కట్టి 2022 మార్చి 28న తిరిగి తెరిచారు, గుహను మాత్రం అలాగే ఉంచారు. పని జరిగినన్నాళ్లూ దర్శనం బాలాలయంలో. గర్భగుడి పనులు చేసేటప్పుడు స్వామికి తాత్కాలికంగా కట్టే చిన్న గుడి అది.

దూరం వెళ్లగలిగితే అలంపురం. బాదామి చాళుక్యులు 7వ శతాబ్దంలో మొదలుపెట్టిన నవబ్రహ్మ ఆలయాల్లో చాలావాటికి గర్భగుడి చుట్టూ, కప్పు కిందే ప్రదక్షిణ దారి ఉంటుంది. రెండు గోడల నడుమ చీకట్లో నడవాలి. నేను గోడ తడుముకుంటూ ఆగుతుంటే అమ్మ నా మోచెయ్యి వదిలేసి ముందు నడిచింది.

పోయిన మాఘంలో పానగల్లు వెళ్లాం. నల్లగొండ పక్కనే ఛాయాసోమేశ్వరాలయం. అమ్మ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు ఉన్న త్రికూటం అది. అందులో ఒక లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. నేరుగా పడే ఎండ వల్ల వచ్చే నీడ కాదది. బయటి ఆకాశపు వెలుతురు చెదిరి లోపలికి వస్తుంటే, మండపం స్తంభాలు అడ్డుపడి ఏర్పడే నీడ. అమ్మ చాలాసేపు చూసింది. మసక గోడ మీద మసక నీడ, ఆమెకు అందలేదు. వరస ప్రకారం చెప్పాను: లింగం ఎంత ఎత్తు, నీడ దాని వెనక ఎక్కడిదాకా ఉంది, అంచులు ఎట్లా ఉన్నాయి. విని, "ఆ నీడ ఏ కంబానిది?" అంది.

మండపంలోకి తీసుకొచ్చి ఒక స్తంభం దగ్గర నిలబెట్టాను. నున్నగా, చల్లగా ఉంది. నుదురు ఆనించి, రెండు చేతులూ చుట్టూ వేసి, "ఇదేనా?" అని అడిగింది.

"అడ్డుపడేవాటిలో ఇదీ ఒకటమ్మా."

అయ్యగారు గుడి మూసే వేళైందని చెప్పేదాకా అమ్మ ఆ స్తంభాన్ని వదలలేదు.